అడ్డేమైనా ఉందా?

ఆఫీసులో ఆమెకి 'అడ్డక్క' అని పేరు పెట్టిందెవరో గానీ, ఆ నోటికి దండం పెట్టాలి. రోజూ పదింటికి కిటికీ పక్కనున్న పనుల బోర్డు ముందు తన టీములోని ఏడుగురినీ నిలబెట్టి, నిన్నేం చేశారో ఇవాళేం చేస్తారో అడిగి, చివర్లో "అడ్డేమైనా ఉందా?" అనేది. పావుగంటలో ముగించేది. కాళ్లు నొప్పెడితే సోది తగ్గుతుందని ఆమె నమ్మకం. సాఫ్ట్‌వేర్‌లో తప్పు దాచిపెడితే అది తర్వాత నెత్తికెక్కి కూర్చుంటుంది మరి!

ఆ అలవాటు ఇంటికీ పాకింది. పొద్దున బూట్ల లేసులు కట్టుకుంటూ కూతురు కూడా అడిగేది, "అడ్డేమైనా ఉందా అమ్మా?" అని. తల్లి ఉన్నదున్నట్టు చెప్పేది, తిరిగి కూతుర్ని అడిగేది. బడిలో స్నేహితురాళ్లు తనని వెలేశారని ఆ పిల్ల నోరు విప్పింది ఆ ప్రశ్న పుణ్యమే.

సాఫ్ట్‌వేర్ విడుదల గడువు దగ్గరపడ్డాక, కొత్తగా వచ్చిన మేనేజరు బోర్డు ముందుకి కుర్చీ లాక్కున్నాడు. "మనమేమైనా శిక్ష పడ్డ పిల్లలమా, నిలబడటానికి?" అన్నాడు. వారం తిరిగేసరికి అందరికీ కుర్చీలొచ్చాయి. కూర్చున్నవాడు ఊరికే లేస్తాడా? పావుగంట కాస్తా గంటన్నరయింది. ఒకరోజు ప్రోగ్రామరొకాయన "నా పని ఆగిపోయింది సార్" అన్నాడు. "ఆ ముక్క చెప్పడానికా నీకు జీతం?" అని మేనేజరు అందరి ముందూ కడిగేశాడు. మర్నాటి నుంచి అందరిదీ ఒకటే పాట, "అంతా బాగానే ఉంది సార్." ఆరేళ్ల పాటు నేర్పిందంతా గంగపాలు. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే!

విడుదలకి ముందురోజు ఆమెకే ఒక తప్పు దొరికింది. ఇద్దరు ఒకేసారి సేవ్ చేస్తే ఒకరిది మాయమైపోతోంది. "నువ్వైనా చెప్పక్కా, నీ మాటకి విలువుంది," అన్నాడు తిట్లు తిన్న ప్రోగ్రామరు. సరేనంది.

మీటింగులో మేనేజరు ఆమెవైపు తిరిగి, "అడ్డక్కగారూ, అడ్డేమైనా ఉందా?" అన్నాడు వెటకారంగా. అందరూ నవ్వారు. ఆమె దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లే, వాళ్లూ నవ్వారు.

"ఏం లేదు సార్. అంతా బాగానే ఉంది."

ప్రోగ్రామరు తల దించుకున్నాడు. ఆమెకి సిగ్గుతో చచ్చినంత పనైంది.

మర్నాడు పొద్దున కూతురు లేసులు కట్టుకుంటూ అడిగింది. "అడ్డేమైనా ఉందా అమ్మా?"

"ఏం లేదమ్మా. అంతా బాగానే ఉంది."

పిల్ల చేతులు ఆగిపోయాయి. తలెత్తి తల్లి మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ పిల్ల కళ్లు ఏడ్చి ఏడ్చి వాచి ఉన్నాయి.

"మరి నీకో?" అంది తల్లి.

"నాకూ ఏం లేదు. అంతా బాగానే ఉంది," అని ముడి బిగించి, సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది.