గేటు దగ్గర చోటు

పెళ్ళయి బందరు అవతల ఉన్న అత్తవారి ఊరికి వెళ్ళిన కొత్తలో, తొంభైల మొదట్లో, నేను చేసిన మొదటి ఘనకార్యం ఊరంతా నవ్వుకునేలా చేసింది. మా అత్తయ్యతో కలిసి చేపలు ఆరబోయడానికి రైలు కట్ట ఎక్కాను. పైకి చేరగానే ఆగి, కుడివైపు చూశాను, ఎడమవైపు చూశాను, మళ్ళీ కుడివైపు చూసి అప్పుడు అడుగు వేశాను. అక్కడ పట్టాలు లేవు. నేను ఆ ఊరు రావడానికి చాలా ఏళ్ళ ముందే పీకేశారు.

"ఏం చూస్తున్నావమ్మాయ్?" అంది అత్తయ్య, నెత్తిమీద గంప దించకుండానే.

"రైలు వస్తుందేమోనండీ" అన్నాను.

కట్ట మీదున్న ఆడవాళ్ళంతా పొట్ట పట్టుకుని నవ్వారు. పొద్దు గూకేసరికి నా పేరు రైలు కోడలు అయిపోయింది. ఒళ్ళు మండింది గానీ, ఎవరినని అనను?

మాది గుడివాడ. జంక్షను వెనక, పట్టాలకు ఆనుకునే మా ఇల్లు. నాన్నది ఎండుచేపల కొట్టు. నడక వచ్చిన దగ్గర్నుంచీ అమ్మ నేర్పిన మొదటి పాఠం ఇటూ అటూ చూసి దాటడం. అది నా మెడలోకి ఎక్కిపోయింది. పైగా పట్టాలు ఉన్నచోట ఏదైనా ఆరబోస్తే వీపు విమానం మోత మోగేది. అందుకే చాలా రోజులు ఆ కట్ట నడిమధ్యన నెత్తళ్ళు, ఆ చిన్న చేపలు, పోయడానికి నాకు చెయ్యి వచ్చేది కాదు. అంచుల మీదే పోసేదాన్ని. మధ్యలో ఖాళీ చూసి అత్తయ్య, "నీ రైలు ఎప్పుడొస్తుందో చెప్పు, గంపలు సర్దుకుంటాను" అనేది.

బందరు నుంచి సముద్రం వైపు వేసిన చిన్న దారి అది. రేవు సరుకు కోసం వేశారట. సరుకు పెట్టెల వెనక మనుషుల కోసం కూడా ఓ పెట్టె తగిలించేవారట. అత్తయ్య వాళ్ళ అత్తగారు గంపలతో ఆ బండెక్కి బందరులో దిగి, అక్కడ ఇంకో బండి మారి గుడివాడ సంతకు వెళ్ళేదట. రేవులో పని తగ్గింది, రైలు ఆగింది. పట్టాలు ఎక్కడికో వెళ్ళిపోయాయి. స్లీపరు దుంగలు మాత్రం, ఎలా వచ్చాయో ఎవరూ చెప్పరు గానీ, ఊళ్ళో సగం ఇళ్ళకు గడపలయ్యాయి. మా గడపకూ మేకులు దిగిన చిల్లులుండేవి. శుక్రవారం పసుపు రాసేటప్పుడు వాటిలోకి వేలు దూర్చి మరీ రాసేదాన్ని. బడి గంట ఒక పట్టా ముక్క. గేటు స్తంభం ఒకటి, రైలు డ్రైవరు కూత వెయ్యాలని గుర్తుచేసే పసుపు బోర్డు ఒకటి మిగిలాయి. బోర్డు మీద రంగు వెలిసిపోయి, కాకులకు కూర్చునే పీట అయింది.

అన్నింటికన్నా పెద్ద మిగులు ఆ కట్టే. మా నేల ఉప్పునేల, నాలుగు చినుకులు పడితే కాలు దిగిపోతుంది. ఊరంతటికీ ఎత్తుగా, పొడిగా, గాలి తగిలేలా ఉన్నది కట్ట ఒక్కటే. రైలు పోతూ పోతూ మా ఆడవాళ్ళకు ఓ నేల వదిలి వెళ్ళింది. వాళ్ళు దాన్ని చోట్లుగా పంచుకున్నారు. ఒకప్పుడు సిగ్నలు ఉన్న దగ్గర చోటు ఒకరిది, తూము దగ్గరది ఇంకొకరిది. గేటు స్తంభం నుంచి పసుపు బోర్డు దాకా మాది. మధ్యలో హద్దులకు సున్నం పూసిన కంకర రాళ్ళు. మగవాళ్ళకు దాంట్లో మాట లేదు. అత్త నుంచి కోడలికి వెళ్ళేది. ఇచ్చే పద్ధతి కూడా ఉండేది. ఆ రోజు అత్త తన చేతులతో గంప కోడలికి అందించి, ఓ చివర కూర్చుని కాకుల్ని తోలాలి. చేపను ముట్టుకోకూడదు. కోడలు ఎలా పోసినా నోరెత్తకూడదు. అక్కడితో ఆ చోటు కోడలిది.

నా ఈడు కోడళ్ళందరికీ చోట్లు వచ్చాయి. నాకు రాలేదు. ఇద్దరు పిల్లలు పుట్టినా రాలేదు. పొడుగాటి సావిళ్ళ చేపలు తాడుకు కట్టడం నేర్చుకున్నాను, మబ్బు వాసన చూసి గంపలెత్తడం నేర్చుకున్నాను. ఐనా అత్తయ్య, "ఇంకా అంచుల్లోనే పోస్తున్నావు, నీకు ఈ నేల మీద నమ్మకం కుదరలేదు" అనేది. నాకు ఏడుపొచ్చేది. ఆవిడకు నేను పరాయిదాన్నేనని అనుకునేదాన్ని. మా ఆయనతో చెబితే, "అది మీ ఆడాళ్ళ గొడవ" అని తప్పుకునేవారు.

ఈలోగా చుట్టూ రొయ్యల చెరువులు వచ్చిపడ్డాయి. చెరువు గట్లకు మట్టి కావాలి. ఉప్పునేల మట్టి నిలవదు, కట్ట మట్టి గట్టిది. ఎవరు ఎవరిని అడిగారో తెలియదు, సిగ్నలు వైపు నుంచి పొక్లెయిన్ తవ్వుకుంటూ రావడం మొదలుపెట్టింది. చెరువుల్లో పని దొరుకుతుందని మగవాళ్ళు నోరు విప్పలేదు. అత్తయ్య ఊరి పెద్ద దగ్గరికి వెళ్ళి, ఈ సీజను వరకైనా ఆపమని అడిగింది.

"కట్ట మనదా పిన్నీ? మన పేర రాసిచ్చారా?" అన్నాడాయన.

ఆవిడ ఇంటికొచ్చి గడప మీద కూర్చుంది. మా అత్తయ్య అంత సేపు ఊరికే కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి.

యంత్రం తూము దగ్గరికి వచ్చిన రోజు పొద్దున్నే అత్తయ్య నన్ను లేపింది. తలస్నానం చేసి ఉంది. నెత్తళ్ళ గంప ఎత్తుకుని ముందు నడిచింది. గేటు స్తంభం దగ్గర ఆగి, గంప నా చేతుల్లో పెట్టింది.

"ఇంకెందుకత్తయ్యా? రేపో ఎల్లుండో ఇది ఉండదుగా" అన్నాను.

"ఉన్నప్పుడే కదే ఇవ్వాలి. మా అత్త నాకిచ్చింది. నేను నీకివ్వకుండా పోతే నా మాటేంటి?" అంది. వెళ్ళి బోర్డు కింద కూర్చుంది.

ఆ రోజు నేను ఇటూ అటూ చూడలేదు. నడిమధ్యన మొదలుపెట్టి, హద్దురాళ్ళ దాకా పోశాను. ఒకచోట మందంగా పడింది. అత్తయ్య చూసింది, చెయ్యి లేచింది, మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది. కాకులు లేకపోయినా కర్ర ఊపుతూ కూర్చుంది. తూము వైపు యంత్రం చప్పుడు సాయంత్రం దాకా వినబడుతూనే ఉంది. ఆ వారంలోనే మా చోటు కూడా లారీలెక్కింది. స్తంభం, బోర్డు ఎటు పోయాయో తెలియదు.

తర్వాత రోడ్డు పక్కన ప్లాస్టిక్ పట్టలు పరిచి ఆరబోసుకున్నాం, డాబాలు వచ్చాక డాబాల మీద. అత్తయ్యకు చూపు మందగించింది. ఓసారి సముద్రం వైపు నుంచి ఇద్దరం నడిచి వస్తున్నాం. ఒకప్పుడు కట్ట ఉన్న చదునైన నేల మీద ఆవిడ ఉన్నట్టుండి ఆగింది. కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది. ఇన్నేళ్ళకు నాకు అవకాశం దొరికింది.

"రైలొస్తుందా అత్తయ్యా?" అన్నాను నవ్వుతూ.

"రైలు కాదే, నీ చోటు ఎక్కడిదాకానో చూస్తున్నా. కనబడట్లేదు" అంది.

ఆవిడ చెయ్యి పట్టుకుని ముందు స్తంభం ఉన్నవైపు చూపించాను, తర్వాత బోర్డు ఉన్నవైపు.