కుట్టు తప్పని బొమ్మ

పొయ్యి మీద పాలు పొంగి నేలపాలైనా మరిది కూర్చున్నచోటి నుంచి కదలడు. తెర మీద నడిచే మనిషి అరక్షణం తడబడ్డాడో, కుర్చీలోంచి లేచి నిలబడి "కుట్టు తప్పింది!" అని ఇల్లెగిరిపోయేలా అరుస్తాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళు కుట్టుమిషన్లు బాగుచేసిన మనిషి. పక్కగదిలో మిషను ఆడుతుంటే ఎన్నో కుట్టు తప్పిందో గోడ ఇవతల నుంచి చెప్పేవాడు. పని మానేశాక చేతులు ఊరుకోక, సినిమాలు చూడ్డానికని టీవీ కింద ఒక కంప్యూటరు పెట్టాడు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో సినిమా మొదలవడమే గాని, అయిపోవడం ఎవరూ చూడలేదు.

కంప్యూటరు కొత్తలో, అందులో బొమ్మ ఆడించే కార్డు మార్చమని దుకాణంవాడితో మరిది పడిన తగువు వదినగారు కళ్ళారా చూసింది. సంచీ పట్టుకోవడానికి తోడు రమ్మంటే వెళ్ళింది.

"ఇంత సన్న కుదుపు మనిషి కంటికి ఆనదండీ," అన్నాడు దుకాణంవాడు.

"నాది మనిషి కన్ను కాదు, మెకానిక్కు కన్ను."

"కార్డు బంగారంలా ఉంది సార్!"

"బంగారమైతే మీ ఆవిడ మెళ్ళో వెయ్యండి. నాకు బొమ్మ ఆడించేది కావాలి."

పందెం వేసుకున్నారు. దుకాణంవాడు పెద్ద తెర మీద ఒక వీడియో పెట్టాడు. బొమ్మ తప్పినప్పుడల్లా కంప్యూటరు లోపల లెక్క రాసుకుంటుందట. ఆ లెక్క పైకి కనబడకుండా దాచాడు. మరిది కళ్ళద్దాలు తుడుచుకుని, కుదుపు వచ్చినప్పుడల్లా బల్ల మీద వేలితో టక్కుమనిపించాడు. పదకొండు టక్కులు. లెక్క తెరిచి చూస్తే పదకొండే! వెనకాల నిలబడ్డవాళ్ళు చప్పట్లు కొట్టారు.

దుకాణంవాడు మొహం మాడ్చుకుని అద్దాల గదిలోకి పోయి, తలుపు వేసుకుని, అక్కడి గుమాస్తాతో ఏదో అన్నాడు. వదినగారు మరిది చెయ్యి గిల్లింది.

"చిరిగిన అట్టపెట్టె తెస్తే ముట్టుకోకు. ఎవరో తిరిగిచ్చిన పాతదట. మనకి అంటగట్టమంటున్నాడు."

మరిది ఆమెవైపు చూశాడు. బెత్తెడు మందం అద్దంవైపు చూశాడు. ఇంతలో చిరిగిన అట్టపెట్టె రానే వచ్చింది.

"ఇది మీ అత్తారింటికి పంపించండి. మాకు సీలు తియ్యనిది తెండి," అన్నాడు మరిది. తెచ్చాడు. తేక ఏం చేస్తాడు! ఆ గెలుపులో సగం వాటా తనదేనని వదినగారు ఇంటిదాకా చెబుతూనే వచ్చింది.

అద్దం వెనక మాట ఆమెకెలా తెలిసిందంటే, అదే ఆమె గుట్టు. మూడేళ్ళుగా చెవులు సగం మూతపడ్డాయి. ఎవరూ నేర్పకుండానే పెదాలు చూసి మాట పట్టడం నేర్చుకుంది. చదివింది రెండో తరగతి. పెదాలు చదవడంలో మాత్రం ఆమెకు పెద్ద పట్టా ఇవ్వాలి. చెవిలో యంత్రం పెట్టుకోవడమా? "ముసలిదాన్నయ్యాక చూద్దాం," అనుకునేది. అప్పటికి ఆమెకు డెబ్భై నాలుగు.

ఇంట్లో మాటలు ఎలాగో లాక్కొచ్చేది. సినిమా దగ్గరే పరువు పోయేది. బొమ్మ ఒక్కసారి తడబడితే పెదాలు చెదిరిపోయేవి, మాట జారిపోయేది. అందరూ నవ్వి ఊరుకున్నాక, వాళ్ళ మొహాలు చూసి తనూ నవ్వేది. ఒకసారి మనవరాలు అననే అంది:

"నానమ్మ నవ్వు ఆలస్యంగా వచ్చే రైలు!"

అందరూ నవ్వారు. ఆ నవ్వుకి కూడా ఆమె రైలు ఆలస్యంగానే వచ్చింది. ఇంకో రెండుసార్లు ఇలాగే జరిగితే చెవుల సంగతి బయటపడుతుంది. సినిమా మానేస్తే ఎందుకని అడుగుతారు, కూర్చుంటే దొరికిపోతుంది.

ఇక మరిది పిచ్చి చూడబోతే దుకాణం తగువు తర్వాత ఐదింతలైంది. అంతకుముందు సినిమాకి నాలుగు కేకలు, ఇప్పుడు ఇరవై. పెట్టె వేడెక్కుతోందేమో కనిపెట్టి ఉండాలని టీవీ పక్కన పీట వేసుకుని, జనంవైపు మొహం పెట్టి కూర్చునేవాడు. కేక వేసి, బొమ్మ వెనక్కి తిప్పి, మనవరాలిని లేపేవాడు.

"ఆ గోలలో మాట పట్టుబడలేదమ్మా. వాడేమన్నాడు? ఇలా ఎదురుగా నిలబడి గట్టిగా చెప్పు."

"అబ్బా, చిన్నతాతా! ఇది సినిమానా, పాఠం అప్పజెప్పడమా?"

"చిన్నమామయ్యగారూ, హంతకుడెవరో తెలియకుండానే మూడు వారాలైంది," అని కోడలు వాపోయేది. పెద్దాయన, అంటే వదినగారి భర్త, పేర్లు పడేలోపే నోరు తెరుచుకుని నిద్రపోయేవాడు గనుక ఆయనకే ఇబ్బందీ లేదు.

మరిది పట్టు వదల్లేదు. కార్డు మార్చినా కుదుపు పూర్తిగా పోలేదు. గడియారం ముందు పెట్టుకుని రెండు రోజులు లెక్కపెట్టాడు. సరిగ్గా నలభై రెండు సెకన్లకోసారి కుదుపు!

"చూశారా వదినా! సినిమాలో సెకనుకి ఇరవైనాలుగు బొమ్మలంటారు గాని నిజానికి అంతకి వెంట్రుకవాసి తక్కువ. టీవీ మాత్రం ఇరవైనాలుగు అడుగుతోంది. బట్ట ఒక వేగం, సూది ఒక వేగం. కుట్టు తప్పక ఏమవుతుంది?"

"అయితే సూదిని తగ్గించు. దీనికింత ఉపన్యాసమెందుకు?" అంది వదినగారు.

మరిది సెట్టింగుల్లోకి వెళ్ళి ఇరవైనాలుగు తీసేసి, దాని కిందే ఉన్న ఇరవైమూడు నొక్కాడు. పేరుకే అది ఇరవైమూడు, అసలు వేగం ఆ వెంట్రుకవాసి తక్కువ ఇరవైనాలుగే. తప్పిన బొమ్మల లెక్కని తెర మూలన అందరికీ కనబడేలా పెట్టాడు.

ఆదివారం మధ్యాహ్నం అందరూ కూర్చున్నారు. బొమ్మ మొదలైంది. నూనె వేసిన మిషనులా నడిచింది. తెర మీది మనుషుల పెదాలు ఆమెకు అచ్చులో పోసిన అక్షరాల్లా కనబడ్డాయి. ఒక వంటవాడు యజమానికి వీపు చూపించి గొణిగాడు, మనవైపు తిరిగి. గొణుగుడు ఎవరి చెవినా పడలేదు. వదినగారు ఒక్కతే పకపకా నవ్వింది.

"ఏంటి నానమ్మా? వాడేమన్నాడు?"

"'ఈయన నాలిక్కి రుచి తెలిస్తే నన్నెందుకు పెట్టుకుంటాడు,' అన్నాడే. చెవులు అద్దెకిచ్చారా అందరూ?"

వెనక్కి తిప్పి, శబ్దం పెంచి చూశారు. అక్షరం తేడా లేదు! పెద్దాయన కూడా లేచి నవ్వాడు. ఆ రోజు ఆమె రైలు అందరికంటే ముందొచ్చింది.

విశ్రాంతి దాటాక గుబురు మీసాలవాడొకడు వచ్చాడు. మీసాల కింద పెదాలేవీ? ఒక మాట పోయింది. ఆమె కనుబొమ్మ ముడిపడిందో లేదో, "కుట్టు తప్పింది!" అని కేక. మనవరాలు లేచింది, ఎదురుగా నిలబడి గట్టిగా అప్పజెప్పింది.

వదినగారు తెర మూలకు చూసింది. చదువు అంతంతమాత్రమైనా అంకెలు వచ్చు. సున్నా. పీట మీది మరిదిని చూసింది. ఆ మనిషి మొహం తెరవైపు లేదు. ఎప్పుడూ లేదు. తనవైపే ఉంది.

సినిమా చివరిదాకా ఆడింది. హంతకుడు దొరికాడు. కోడలు చేతులు జోడించి దణ్ణం పెట్టింది. అందరూ లేచి వెళ్ళాక వదినగారు మరిదిని నిలబెట్టింది.

"మూలన సున్నా ఉంటే ఏ కుట్టు తప్పిందయ్యా నీకు?"

మరిది తల గోక్కున్నాడు. "ఆ రోజు అద్దం వెనకాల మాట నాకు వినబడలేదు వదినా. నా చెవులు బాగానే ఉన్నాయి."

"ఎవరికైనా చెప్పావా?"

"మెకానిక్కుకి ఒకటే నియమం. ఏ ఇంటి కుట్టు ఎక్కడ తప్పిందో ఇంకో ఇంట్లో అనకూడదు."

"నాకేం తప్పలేదు. మీసాలు అడ్డమొచ్చాయి."

"మీసాలే వదినా, నేను కాదన్నానా? ఒక్క సాయం చెయ్యండి. సినిమాకి ఇరవైసార్లు లేవడం నా మోకాళ్ళకి పడట్లేదు. ఇకమీదట మాట అందకపోతే మీరే అరవండి, 'కుట్టు తప్పింది' అని. ఇంట్లో ఒక పిచ్చివాడున్నాక రెండో పిచ్చిని ఎవరూ పట్టించుకోరు. కాకపోతే గొంతు బాగా ఎత్తండి, పెద్దాయన లేవాలి."