నా ముప్పై రోజులకు సున్న ధర

జర ఇటు దగ్గరికి జరిగి కూసోండ్రి. గోడకు ఒరిగితె సగం మాటలు గోడే మింగుతది. ఇది నా కోపం ముచ్చట. ఇన్నేండ్లయినా సల్లారలే, సల్లారాలని నాకు లేదు కూడ.

నేను పుట్టింది మానుకోట దిక్కు, గార్ల కాడ. నాలుగో తరగతి దాంక సదివిన. జనగామ దిక్కు, పాలకుర్తి పక్క ఊరికి కోడలిగ వచ్చిన. మా ఆయనకు భూపాలపల్లిల బొగ్గుబాయి పని, నెలకోసారి ఇంటికొచ్చేటోడు. మా అత్త కాలంజేసి అప్పటికే చాన్నాళ్ళాయె. ఇంట్ల నేను, మా మామ, మా ఆడబిడ్డ. ఆడబిడ్డ వరంగల్ల ఎమ్మే అర్థశాస్త్రం సదువుతుండె. మూడెకరాల పొలం. రెండెకరాలు వరి, ఒక ఎకరం పల్లి.

మా ఊర్ల నాటు బదులు మీద నడుస్తది. ఏడుగురు ఆడోళ్ళం ఒక జట్టు. ఇయ్యాల నీ మడి, రేపు నా మడి. పైసల ఊసుండదు. ఆరుగురి పొలాలకు నేను మూడేసి రోజులు పోత, మొత్తం పద్దెనిమిది. ఆ ఆరుగురు మూడు రోజులు నా మడికొస్తరు. ఎవరి వంతును బట్టి వాళ్ళు ముందు ఎనక నారు పోసుకుంటరు. గార్ల కాడ మా అమ్మ తండా ఆడోళ్ళతోని గిట్లనే బదులు పోయేది. వాళ్ళ ఇంటి మాట వేరు, మా ఇంటి మాట వేరు, బదులు మాత్రం ఒక్కనాడు తప్పింది లేదు.

తెలంగాణ కొట్లాట బాగ లేసిన చలికాలం అది. హాస్టళ్ళు ఖాళీ చేయించిండ్రు, బస్సులు బందైనయి. మా ఆయన భూపాలపల్లిలనే ఇరుక్కున్నడు. ఆడబిడ్డ మోపెడు పుస్తకాలతోని ఇల్లు చేరింది. మా మామ పొద్దున్నే పాలకుర్తి దీక్ష టెంటు కాడికి పోయి, మాపటికి గొంతు పోయి వచ్చేటోడు.

ఆడబిడ్డకు సదువుల ఒక పని ఇచ్చిండ్రట. ఒక రైతు ఇల్లు తీసుకొని, ఉన్న భూమి, ఉన్న నీళ్ళు, ఉన్న మనుషులతోని అన్నిటికంటె ఎక్కువ లాభం ఎట్లొస్తదో గణితంతోని తేల్చాల్నట. మా ఇంటినే తీసుకున్నది. నేను వంకాయలు కోస్తుంటె నా ముందల కాగితం పరిచి గీతలు గీసింది.

"వదినా, గిది భూమి గీత, దీన్ని దాటి పోలేం. గిది నీళ్ళ గీత. గిది పని రోజుల గీత. మూడు గీతల లోపల ఉన్న జాగంత మనం చేయగలిగింది. ఎక్కువ లాభం ఎప్పుడైన ఒక మూలకే ఉంటది. ఆ మూల దొరకవట్టాలె."

"మూలకు పడ్డదాన్ని దొరకవట్టుడానికి గింత సదువా? చీపురు తెస్తె నేను దొరకవడుత" అన్న. ఇద్దరం నవ్వినం.

తెల్లారి అడిగింది, "వదినా, నీ పద్దెనిమిది రోజులు ఎటు పోతున్నయి?"

"బదులుకు."

"అవి లెక్కల ఉత్తగ పోతున్నయి. బదులు మానేస్తె నెలల ముప్పై రోజులు నీయే. నాటుకు ఎకరానికి పది రోజుల పని. పల్లి బందు పెట్టి మూడెకరాలు వరి పెడితె ముప్పై రోజులు. చూడు, సరిగ్గ మూలకొచ్చింది!"

"మరి నాకొచ్చే ఆరుగురు?"

"వాళ్ళు మన ఇంటోళ్ళు గాదు. ఇంట్ల ఉన్నోళ్ళనే రాయాలె."

కాగితం గుంజుకొని కూడబలుక్కుంట సదివిన. 'ఇంటి ఆడమనిషి ఒకటి. రోజులు ముప్పై. ధర సున్న.'

"గీ సున్న ఏందే?"

"ఇంటోళ్ళకు కూలియ్యం గద వదినా. పుస్తకంల సున్ననే వేస్తరు."

"ముప్పై రోజులు నేను మడిల ఉంటె బువ్వ ఎవరు వండాలె?"

"వంట ఈ లెక్కల లేదు."

చెప్పిందాంట్ల కల్లాకపటం లేదు, ఆ పిల్ల ముఖం వెలిగిపోతున్నది. మామ ఇన్నడు. "నా బిడ్డ యూనివర్సిటీ లెక్క గట్టింది. ఈసారి గట్లనే చేద్దాం" అని ముందుగాలనే నారు పోయించిండు, పల్లి చెల్కను కూడ వరికి దున్నిచ్చిండు.

నాటు మొదలైన పొద్దు జట్టు పెద్దామె మా వాకిట్లకొచ్చి పిలిచింది. ఆమెను నేను అక్కా అంట. నేను కొంగు దోపుకునే లోపలనే మామ అరుగు మీదికెల్లి, "ఈసారి రాదు. మా పిల్ల లెక్క తేల్చింది. మా నాటు మేమే వేసుకుంటం" అన్నడు. అక్క నా దిక్కు చూసింది. నేను తలకాయ దించుకున్న. మామ మీద కోపం ఒక ఎత్తు, దించుకున్న ఆ తలకాయ మీద కోపం ఒక ఎత్తు.

ఒక్కదాన్నే మడిల దిగిన. తొమ్మిదో రోజుకు ఎకరం కూడ కాలే. దున్ని చదును చేసిన మడి గట్టిపడి వేలు దిగకపోయె. నీళ్ళు వెట్టి మెత్తగ చేద్దామంటె కరెంటు గిట్లొచ్చి గట్ల పోవుడు. నారు ముదిరి కణుపు పడుతున్నది. ఒక్క ఆడిది ముప్పై రోజులు చేసేది, పది మంది మూడు రోజులు చేసేది కాగితం మీద ఒక్కటే. మడిల ఒక్కటెట్లయితది? నేను మూడో ఎకరం చేరేసరికి ఆ నారు బర్రెకు మేత.

ఎవరికి చెప్పకుండ అక్క ఇంటికి పోయిన. జట్టంత ఆడనే ఉన్నరు.

"ఏందే, గిట్లొచ్చినవ్? మీ ఇంట్ల లెక్కలున్నయి గద, లెక్కలను పిలుచుకో నాటుకు" అన్నది అక్క.

"కాగితానికి గోసి పెట్టి దించు, చకచక ఏస్తది" అన్నది ఇంకొకామె. అందరు పడిపడి నవ్విండ్రు. కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. తుడుచుకుంటె చూస్తరని తుడుచుకోలే.

"అక్కా, ఎన్నన్న తిట్టు. నన్ను జట్టులకెల్లి తీసేయకు. ఈ నాటొక్కటే గాదు, వానకాలం నాటుకు, ఆ మీది నాటుకు, నా మడికి ఎవరొస్తరు?"

అక్క వేళ్ళు ముడిచి లెక్కవెట్టింది. "ఇంక మూడు పొలాలున్నయి. నువ్వు, మీ ఎమ్మే పిల్ల, ఇద్దరు రాండ్రి. అవి ఒడిసినంక నీ మడి."

ఇంటికొచ్చి చెప్తె మామ అంతెత్తున లేసిండు. "సదువుకున్న పిల్లను కూలికి తోల్కపోతవా?"

అప్పుడు నా నోరు లేసింది. "కూలి గాదు మామా, బదులు. రోజూ టెంటుల కూసొని మన నీళ్ళకు లెక్కలేదు, మన కొలువులకు లెక్కలేదు అని మొత్తుకుంటవు గద. ఇంట్ల నా రెక్కలకు సున్న రాస్తె అది నీకు మంచి లెక్కనా? ఆ సున్న ఏసిన చెయ్యి బురదల పెడితెనే దానికి తెలుస్తది."

మామ తువ్వాల దులుపుకొని బయటికి పోయిండు. ఆడబిడ్డ నా పాత చీర కట్టుకున్నది.

మడిల ఆమెను బాగ ఆడుకున్నరు. "ఎమ్మే పిల్లా, నడుం వంచు, నీ పుస్తకం కిందనే పడ్డది చూడు" అని ఒకటే నవ్వులు. మాపటికి నేను నడుముకు నూనె రాస్తుంటె అన్నది, "వదినా, నేను రోజులను కూడిన. నారు ఆగదని రాయలే. వచ్చేటోళ్ళను రాయలే."

మూడు పొలాలు ఒడిసినంక జట్టు నా మడిల దిగింది, రెండెకరాలు నాటు పడ్డది. మూడో ఎకరానికి పనికొచ్చే నారు మిగల్లే, అది బీడు, పల్లి కూడ లేకపాయె. ముదురు నారు పిలకలేయలే, వడ్లు సగమే అయినయి.

యూనివర్సిటీ తెరిచినంక ఆడబిడ్డ లెక్క మళ్ళ చేసింది. నారు ఈడుకొక గీత, బదులుకొక గీత కలిపి, సున్న కొట్టేసి కూలి ధర రాసింది. సారు ఎర్ర పెన్నుతోని అన్నీ కొట్టేసిండట. "బదులేంటి? ఏ పుస్తకంలో ఉందమ్మా? ఇంటి ఆడవాళ్ళ పనికి సున్నే. ముందు రాసే భాష నేర్చుకో. లేదంటే సంతకం పెట్టను" అన్నడట. ఆయన ఏ దిక్కాయనో నేను అడగలే. సున్న ఏ దిక్కుదైతేంది?

పరీక్ష పోతదని సున్ననే రాసిచ్చింది. పాసైంది. ఆమెను నేను ఏమనలే. ఆ సారును మాత్రం ఇప్పటికీ తిడుత. కుర్సీల కూసొని, మడి మొఖం చూడకుండ, ఎర్ర గీతతోని ఏడుగురు ఆడోళ్ళను కొట్టేసినోడు ఆయన. మూడు గీతలు గీయవచ్చినోనికి నాలుగో గీత గీయరాదా? రాక గాదు, మమ్ములను మనుషులల్ల లెక్కవెట్టక.

వానకాలం నాటుకు అక్క మళ్ళ వాకిట్లకొచ్చింది. అరుగు మీద మామ ఉన్నడు. "ఏమే, మీ మామ పంపుతడా?" అని ఆయనకినవడేటట్టే అడిగింది. మామ తల తిప్పకుండ, "నన్నెందుకడుగుతరు, ఆమె మడి, ఆమె జట్టు" అన్నడు. నేను గోసి పెట్టుకొని పోయిన. బువ్వ ఆయనే వండుకున్నడు.

ఇగ లేవుండ్రి, మీకూ పనులుంటయి. మీ ఇంటి నారు ఈడుకు నాటు పడాలె. మీ మడికి పిలువకముందే పది మంది రావాలె. మీ ఇంటి ఆడోళ్ళ రెక్కల కష్టం మీ కండ్లకు ఆనాలె. పిల్లజెల్లతోని సల్లగుండుండ్రి.