రాజమండ్రి నుంచి భద్రాచలం లాంచీ: ఏ రేవులో దిగాలి, ఏ రేవులో కూర్చోవాలి

ఈ ప్రయాణానికి కారణం నేను చావకపోవడమే. పోయిన ఏడు వానాకాలంలో విషజ్వరం పట్టి మూడు వారాలు మంచం దిగలేదు. ప్రొద్దుటూరు డాక్టరు మందు ఇస్తూనే మా ఇంటివాళ్ళ వైపు చూసి తల ఒకలాగా ఊపాడట. అది చూసి నా భార్య ఓబుళమ్మ ఎవరినీ అడక్కుండా భద్రాచలం రాముడికి మొక్కేసింది. మనిషి లేచి కూర్చుంటే తానే స్వయంగా వచ్చి పసుపు బట్టలు సమర్పిస్తానని మాట ఇచ్చింది. నేను లేచి కూర్చున్నాను. ఆ రోజు నుంచి దిగులు ఆమెకు పట్టుకుంది. భద్రాచలం గోదావరికి అవతలి గట్టున ఉందని ఆమెకు మొక్కిన తర్వాతే తెలిసింది.

ఓబుళమ్మ పుట్టిల్లు జమ్మలమడుగు, పెన్న ఒడ్డు. చిన్నప్పుడు ఒకసారి పెన్న నిండుగా పారుతుంటే పుట్టిలో ఏరు దాటుతూ మునిగిపోయింది. తోలు కప్పిన ఆ గుండ్రని బుట్ట సుడిలో తిరిగి బోర్లా పడితే, ఎవరో జుట్టు పట్టుకుని బయటికి లాగారు. అప్పటి నుంచి పెన్నలో ఇసుక తప్ప ఏమీ లేనప్పుడే ఆమెకు పెన్న మీద ప్రేమ. అలాంటి మనిషి గోదావరి దాటాలి. దాటకపోతే మొక్కు తీరదు, మొక్కు తీరకపోతే జ్వరం వెనక్కి వచ్చి నన్ను పట్టుకుపోతుందని ఆమె గట్టి నమ్మకం. నాకు అంత నమ్మకం లేదు గానీ, ఆమె రాత్రిళ్ళు నిద్రపోకుండా నా నుదురు తడిమి చూడటం మాత్రం నేను చూస్తూనే ఉన్నాను.

భద్రాచలానికి రెండు దారులు. రైల్లో భద్రాచలం రోడ్డు స్టేషన్ దాకా పోయి, అక్కణ్ణుంచి బస్సులో గోదావరి గట్టుకు చేరి, పడవలో దాటడం ఒకటి. రాజమండ్రిలో లాంచీ ఎక్కి కొండల మధ్య గోదావరికి ఎదురెక్కడం రెండోది. ఏ దారి పట్టినా నీళ్ళు తప్పవు, వంతెన లేదు. మాతో బయలుదేరిన నరసయ్య అయ్యవారు లాంచీ దారే కావాలన్నాడు. ఆయనది పులివెందుల. మేమిద్దరం ఒకే బడిలో చేరాం. నాలుగో తరగతిలో బడి నన్ను వదిలేసింది, ఆయన్ను మాత్రం పింఛను దాకా పట్టుకుంది. లాంచీ ఆగే రేవులన్నీ ఆయన ముందే కనుక్కుని, ప్రతి రేవులోనూ దిగి చూడాలని పట్టుబట్టి కూర్చున్నాడు.

ప్రొద్దుటూరు నుంచి ఎర్రగుంట్లకు బస్సు ఎక్కితే గంటలోపే దింపుతుంది. ఎర్రగుంట్లలో మద్రాసు బండి పట్టుకుని రేణిగుంటలో మారాలి, గూడూరులో మళ్ళీ మారాలి. మర్నాటి సాయంత్రానికి రాజమండ్రి చేరాం. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోవడం వల్ల మనకు లాభమా నష్టమా అని అయ్యవారు దారి పొడుగునా పక్కవాళ్ళతో వాదించాడు. నేను రెండు పక్షాలకూ వంతులవారీగా తల ఊపి వాదం ఆరిపోకుండా చూశాను. రాత్రికి రేవు దగ్గరి సత్రంలో పడుకోవచ్చు. చాప వాళ్ళే ఇస్తారు, దోమలు కూడా వాళ్ళవే.

లాంచీ తెల్లవారి ఆరింటికి కదులుతుంది. కింది అంతస్తు టిక్కెట్టు మూడు రూపాయల చిల్లర. పై అంతస్తుకు ఎక్కువ తీసుకుంటారు, గాలి తప్ప వేరే సుఖమేమీ కనిపించలేదు. గట్టు నుంచి లాంచీలోకి ఒక బల్ల వేస్తారు. జానెడు వెడల్పు, అడుగు పెడితే ఊగుతుంది. ఓబుళమ్మ దాని ముందు నిలబడిపోయింది. లాంచీ నడిపే సరంగు మంచివాడు, చెయ్యి చాచి కిందికి చూడవద్దని, తన ముఖమే చూస్తూ నడవమని చెప్పాడు.

"నీ ముఖం చూసేదానికా నాయనా నేను ఇంత దూరం వచ్చింది" అంది ఓబుళమ్మ. అని కళ్ళు గట్టిగా మూసుకుంది. ముందు సరంగు, వెనక నేను, మధ్యలో ఆమెను బియ్యపు బస్తాలాగా లాంచీలోకి చేర్చాం. లాంచీ నట్టనడుమ మూటల మధ్య చోటు చూసుకుని కూర్చుని, భద్రాచలం వచ్చేదాకా తాను లేవనని చెప్పేసింది.

సరంగు అప్పుడు అసలు సంగతి బయటపెట్టాడు. "ఈ ఏడు నీరు ముందే తీసేసిందండి. కూనవరం దాటాక లాంచీ వెళ్ళదండి. అక్కడ నాటుపడవలోకి మారాలి. అదీ బల్ల మీదనేనండి."

ఓబుళమ్మ నా వైపు చూసింది. "నేను మారను. ఇదే లాంచీలో ఎనక్కి పోతా. ఆ దేవునికి అంత కావల్సి ఉంటే ఆయనే ఈడికి వస్తాడు."

అంటే నా చేతిలో ఉన్నది ఒకటిన్నర రోజు. కూనవరం వచ్చేలోగా ఆమె చేత ఎలాగైనా ఒక్కసారి బల్ల దాటించి, అది చంపదని చూపించాలి. కాబట్టి ఒక్కో రేవు గురించి నేను చెప్పేది వినేటప్పుడు, నేను ఆ రేవు చూడటానికి సగం, ఆమెను దింపడానికి సగం వెళ్ళానని గుర్తుంచుకోండి.

మొదట పట్టిసీమ. నది మధ్యలో లంక, దాని మీద గుడి. దూరం నుంచి చూస్తే ప్రాణం లేచి వస్తుంది. కానీ రేవు నుంచి గుడికి ఇసుకలో చాలా దూరం నడవాలి, లాంచీ ఆగేది కొద్దిసేపే. అయ్యవారు సగం దూరం పోయాడో లేదో కూత వేశారు. ఒక చెప్పు ఇసుకలో వదిలి పరుగెత్తుకొచ్చాడు. ఈ గుడి చూడాలనుకుంటే దానికే ఒక రోజు పెట్టుకుని రండి, దారిలో దిగి చూసేది కాదు. అక్కడ గాజులమ్మే మనిషి జమ్మలమడుగు ఆడపడుచట, నిన్ను అడుగుతోందని ఓబుళమ్మతో అన్నాను. ఆమె కదల్లేదు. "ఉంటే ఈడికే రమ్మను" అంది.

గండి పోచమ్మ గుడి రేవు పక్కనే, ఎవరైనా దిగవచ్చు, దండం పెట్టుకుని నింపాదిగా వెనక్కి రావచ్చు. ఓబుళమ్మ కూర్చున్న చోటి నుంచే చేతులు జోడించింది. దేవీపట్నంలో దిగకండి, తినండి. ఇడ్లీలు లాంచీ పక్కకే తెచ్చి అమ్ముతారు, వేడిగా ఉంటాయి. మొక్కు కోసం ఆమె బయటి తిండి ముట్టదు, ఇంటి నుంచి తెచ్చిన జొన్నరొట్టె, శెనక్కాయల పొడి తీసింది. లాంచీలో వంట చేసే ముసలాయన ఆ పొడి రుచి చూపించమని అడిగి, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా ఇంకొంచెం పెట్టమన్నాడు. ఆ రోజంతా ఆయన ఆమెను వదినగారూ అనే పిలిచాడు.

మధ్యాహ్నం దాటాక పాపికొండలు. ఇక్కడ దిగేదేమీ లేదు, లాంచీ ముందు భాగంలో చోటు చూసుకుని నోరు మూసుకుని కూర్చోవాలి. నోరు మూసుకోవడం అయ్యవారికి చేతకాలేదు. గండికోట దగ్గర పెన్న కొండను కోసినట్టే ఇక్కడ గోదావరి కోసిందని అందరికీ చెప్పసాగాడు. ఆయన చెప్పింది నిజమే. కాకపోతే మన దగ్గర కోత ఉంది గానీ నీళ్ళు లేవు. రెండు పక్కలా ఆకాశం దాకా పచ్చటి అడవి, నడుమ నల్లటి నీళ్ళు. నేను కూడా కాసేపు ఎవరినీ ఏడిపించలేదు.

పేరంటాలపల్లిలో లాంచీని రాత్రికి కట్టేస్తారు. ఒక్క రేవులోనే దిగే ఓపిక ఉంటే ఇక్కడ దిగండి. మెట్లెక్కితే చెట్ల నీడలో శివుడి గుడి, పక్కనే రాళ్ళ మీద పారే సెలయేరు. కొండరెడ్లు వెదురుతో చేసిన బుట్టలు, గరిటెలు తెచ్చి అమ్ముతారు. బేరం ఆడకండి, వాళ్ళు చెప్పేదే తక్కువ. పట్టిసీమ విషయంలో తప్పినా ఇక్కడ అయ్యవారి మాట నూటికి నూరు పాళ్ళు నిజమైంది. సెలయేట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాం గానీ నాకు మనసు నిలవలేదు. లాంచీకి తిరిగి వచ్చి ఓబుళమ్మతో, గుడి దగ్గర ఒక ఆడమనిషి నాతో రెండుసార్లు నవ్వుతూ మాట్లాడిందని చెప్పాను. "పాపం, ఆమెకు చూపు ఆనదేమో" అని పక్కకు తిరిగి పడుకుంది.

మర్నాడు పొద్దున బయలుదేరిన కాసేపటికి లాంచీ ఇసుక మేటకు తట్టుకుని ఆగిపోయింది. బరువు తగ్గించడానికి అందరూ దిగాలన్నారు. బల్ల వేశారు. అందరూ దిగారు, ఓబుళమ్మ తప్ప. ఒక్క పెద్దమ్మ బరువుకేం కాదులెండి అని సరంగు ఊరుకున్నాడు. ఇంజను తిరిగి తిరిగి నీళ్ళన్నీ బురద చేసింది, పైన నూనె తెట్టు కట్టింది. పొద్దెక్కేసరికి తాగే నీళ్ళు అయిపోయి, ఆ బురదను ఎట్లా తాగడమని జనం గొణగసాగారు.

మన తట్టు మనిషికి ఇది సమస్యే కాదు. ఎండిన పెన్నలో ఇసుక తోడి చెలమ చేస్తే తేటనీళ్ళు ఊరతాయి. మనం తాగి బతికింది ఆ నీళ్ళే. నేను లాంచీకి ఎదురుగా, ఓబుళమ్మకు బాగా కనిపించే చోట కూర్చుని తవ్వడం మొదలుపెట్టాను. నీళ్ళ అంచునే, నిలువుగా, గుంట తవ్వినట్టు తవ్వాను. తవ్విన ఇసుక తవ్వినట్టే లోపలికి కూలింది, బురదనీళ్ళు వచ్చి నిండాయి. మళ్ళీ తవ్వాను. రాజమండ్రి ఆవిడ ఒకరు నవ్వుతూ, ఇంత గోదారి పెట్టుకుని గొయ్యి తవ్వుతారేంటండీ అంది. అయ్యవారు నోరు తెరిచాడు. నేను ఆయన్ను చూసిన చూపుకు మళ్ళీ మూశాడు. ఆయన జీవితంలో చేసిన పెద్ద సాయం అదే.

లాంచీలోంచి మాటలు మొదలయ్యాయి.

"ఏంది ఆ తవ్వేది? నీళ్ళకాడ ఎవరన్నా తవ్వుతారా?"

అదే చోట ఇంకాస్త లోతుకు తవ్వాను.

"ఎగువకు జరుగు. ఆ గరుకు ఇసుక ఉండాదే, ఆడ. వాలుగా తీయల్ల, పక్కలు వాలుగా. వింటాండావా?"

నేను ఇంకా నిలువుగా తీశాను. పక్క కూలి నా చేతులు మోచేతుల దాకా కప్పేసింది. లాంచీలో మూటలు కదిలిన చప్పుడైంది. తల ఎత్తలేదు. ఎత్తి ఉంటే నవ్వేసేవాణ్ణి.

"కుక్క తవ్వినట్ల తవ్వుతాండావు. పెద్దోళ్ళ పరువు తీస్తాండావు పరాయి ఊర్లో."

మాట దగ్గరి నుంచి వినిపించింది. చెంబు చేతిలో పట్టుకుని, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, నన్ను తిట్టుకుంటూ బల్ల సగం దాటి వస్తోంది. సరంగు చెయ్యి చాచాడు, ఆమె పట్టుకోలేదు. దిగి, పాదాలు తడిసే నీళ్ళలోంచి నడిచి వచ్చి నా నెత్తిమీద నిలబడింది.

"జరుగు" అంది.

జరిగాను. ఆమె పది అడుగులు ఎగువకు పోయి, పాదంతో ఇసుక నొక్కి చూసి, కూర్చుని తోడింది. పక్కలు వాలుగా తీసింది. మొదట ఊరిన మడ్డి నీళ్ళు రెండుసార్లు తోడి పారబోసింది. మూడోసారి ఊరిన నీళ్ళలో అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టేటంత తేట. మొదటి చెంబు అయ్యవారికి ఇచ్చింది, ఆయన తాగి ఇంకో చెంబు అడిగాడు. ఇందాక నవ్విన రాజమండ్రి ఆవిడ వచ్చి తనకూ నేర్పమంది. కాసేపటికి ఆ మేట మీద అయిదారు చెలమలు లేచాయి, ఓబుళమ్మ ఒక్కోదాని దగ్గరికి పోయి వంకలు పెడుతోంది. లాంచీ కదిలేసరికి ఆమెను మేమే పిలవాల్సి వచ్చింది.

కూనవరంలో నాటుపడవకు వేసిన బల్ల ఇంకా సన్నం. ఆమెకు భయం పోలేదు. నా తువ్వాలు కొస గుప్పిట్లో బిగించి, కళ్ళు తెరిచే దాటింది. పడవలో నా పక్కన కూర్చున్నాక చాలాసేపు నీళ్ళ వైపే చూసింది. తర్వాత మెల్లగా, నాకు మాత్రమే వినిపించేట్టు అంది.

"మీ చేన్ల కింద ఏట్లో చెలమ తవ్వి ఇచ్చింది నువ్వే గదా, ఎండాకాలం ఊరంతటికీ. నాకు తెలీదనుకున్యావా?"

"మరి ఎందుకు దిగినావు?"

"ఎంతసేపని కూలగొడతావు ఇసుక. చెయ్యి నొప్పి పుట్టదా. మొన్న లేచిన మనిషివి."

భద్రాచలంలో దర్శనం బాగా జరిగింది. నవమి ముందు కాబట్టి జనం లేరు. ఆమె పసుపు బట్టలు పెట్టి, కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడింది. ఆ రాత్రి సత్రంలో నా నుదురు తడమకుండా, కోడి కూసేదాకా నిద్రపోయింది. ఆ గురక విని పక్క గదివాళ్ళు నన్ను తిట్టుకుని ఉంటారు.

ఇంటికి వచ్చినప్పటి నుంచి ప్రొద్దుటూరులో అందరూ అడుగుతున్నారు, ఏ రేవు బాగుంటుందని. పేరంటాలపల్లి అని చెబుతున్నాను, అది అబద్ధం కాదు. కానీ నాకు ఆ ప్రయాణం తలచుకుంటే ముందు కళ్ళ ముందు నిలిచేది పేరు కూడా లేని ఆ ఇసుక మేట. చూడటానికి దిగిన చోట్లన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. పని చేతికి దొరికిన చోటు మాత్రం అట్లాగే ఉండిపోయింది. మీతో వచ్చేవాళ్ళలో ఎవరైనా దిగనని కూర్చుంటే, ఎంత అందంగా ఉందో చెప్పి విసిగించకండి. వాళ్ళకు వచ్చిన పని ఏదో అక్కడ కనిపించేదాకా ఓపిక పట్టండి.

పోయేవాళ్ళకు ఒక మాట: మాఘం దాటితే నీరు తగ్గుతుంది కాబట్టి, టిక్కెట్టు కొనకముందే లాంచీ ఎందాకా పోతుందో, ఎక్కడ పడవ మారాలో సరంగునే అడగండి. టిక్కెట్టు కిటికీలో వాడు భద్రాచలం దాకా అనే చెబుతాడు.