ప్రశ్నల మేస్త్రి వేసిన ముడి

ఎవరూ అడగని ఆ మాటను మేస్త్రి తనంతట తానే ఎందుకు బయటపెట్టాడు? ఆ ఇంటి చిన్నకోడలికి ఈనాటికీ అంతు చిక్కని ప్రశ్న అది.

అతనిది కరెంటు పని. చేతిలో టెస్టరు కంటే ముందు నోట్లోంచి ప్రశ్న వచ్చేది కాబట్టి వీధంతా ప్రశ్నల మేస్త్రి అనేవారు. ఇల్లు అంటుకున్నా మా ఆయన బిందె వెతకడు, ఎన్నింటికి అంటుకుందో అడుగుతాడని అతని భార్యే నవ్వేది.

చిన్నకోడలు ముందుగదిలో ఓ మూల మోటారు మిషను మీద బట్టలు కుట్టేది. నెల రోజులుగా ఆ గదికీ, పక్కనున్న హాలుకీ ఉన్నట్టుండి కరెంటు పోయేది. కాసేపటికి దానంతటదే వచ్చేది. వంటింటికి మాత్రం ఏ లోటూ లేదు. బావగారు నేరమంతా మిషను నెత్తిన రుద్దారు. మేస్త్రి కూడా అదే మాటంటే మిషను గడప దాటాల్సిందేనని తేల్చేశారు. ఆ ఇంట్లో తనదంటూ ఆమెకున్నది ఆ మూల ఒక్కటే.

మేస్త్రి వచ్చి స్టూలు మీద తీరిగ్గా కూర్చున్నాడు. బోర్డు వంకైనా చూడలేదు. కరెంటు పోయినప్పుడు మెయిన్ బోర్డులో మీట దానంతటదే కిందకి పడుతోందా అని అడిగాడు. పడదంది చిన్నకోడలు. అప్పుడు ఏమేం నడుస్తుంటాయన్నాడు. మిషనూ ఇస్త్రీపెట్టే అని, ఇస్త్రీపెట్టె బాగా వేడెక్కాకే పోతుందని చెప్పింది.

"మిషను ఒక్కటే నడిస్తే?"

ఆమె బావగారి వంక ఓ చూపు చూసింది. "పొద్దస్తమానం కుట్టినా పోదు బాబాయ్." ఈ సంగతి ఆమెను అంతవరకూ అడిగిన నాథుడు లేడు.

మేస్త్రి ఇస్త్రీపెట్టె పెట్టించి, కరెంటు పోయేదాకా కదలకుండా కూర్చున్నాడు. పోగానే, పెట్టె ఆపనివ్వకుండా, పక్క ప్లగ్గు రంధ్రాల్లో టెస్టరు పెట్టాడు. ఒకదాంట్లోనే వెలగాల్సింది రెండింట్లోనూ వెలిగింది.

"కరెంటు వస్తోంది. తిరిగి వెళ్ళే దారి తెగింది" అన్నాడు.

వంటింటికి ఉండి హాలుకు లేదంటే తెగింది ఆ రెండిటి మధ్యే. మెయిన్ ఆపి, నేరుగా ఆ మధ్యగోడకు ఆనించిన అలమర దగ్గరికి వెళ్ళి, దాన్ని జరిపి, గోడ సున్నం కింద దాగిన గుండ్రటి మూత విప్పాడు. లోపల, చేత్తో మెలేసి టేపు చుట్టిన తీగల ముడి నల్లగా మాడి ఉంది. వేడెక్కితే విడిపోతోంది, చల్లారితే మళ్ళీ కలుస్తోంది.

ఏ చేతకానివాడు వేశాడో అంటూ బావగారు మూతి విరిచారు.

మేస్త్రి తల తిప్పలేదు. "నేనేనండీ. మీ నాన్నగారు ఇల్లు కట్టించినప్పుడు. బిగించే కనెక్టరు అయిపోయింది, బజారు దాకా వెళ్ళడానికి బద్ధకించాను. అమ్మాయి మిషనుది ఇందులో రవ్వంత తప్పు లేదు."

మాడిన మేర కత్తిరించి, కొత్త కనెక్టరు బిగించి, మెయిన్ వేశాడు. ఇస్త్రీపెట్టె పెట్టి మరీ కుట్టమన్నాడు. ఆమె అరగంట సేపు తలెత్తకుండా కుట్టింది. దీపం రెప్ప వేయలేదు. బావగారు పేపరు చంకన పెట్టుకుని తన గదిలోకి జారుకున్నారు.

టీ తాగి వెళ్ళమందామని ఆమె వెనక్కి తిరిగింది. స్టూలు ఖాళీగా ఉంది. గుమ్మంలో చెప్పులూ లేవు.