'బాగానే'లో ఉన్న నర్సక్క

నిన్న పొద్దున్న ఎచ్చెర్లలో బస్సు దిగుతుంటే ఫోన్ మోగింది. సింహాచలం. పోయిన వేసవిలో మా ఫీల్డ్ టీమ్‌లో నాతో పాటు పనిచేసినవాడు.

"గౌరీ, నర్సక్క ఎల్లిపోనాదే."

"ఎక్కడికి?" అన్నాను.



నేను నిజంగానే అడిగాను. ఎక్కడికని.

వచ్చే వారం అక్కకి విశాఖలో గుండె ఆపరేషన్. అంతలోపే ఆగిపోయింది ఆ గుండె.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. అక్క అసలు పేరు అప్పలనర్సమ్మ. ఊరు విజయనగరం. ఆసుపత్రుల్లో వైద్యం మనుషులకు ఎలా అందుతోందో వాళ్ళ నోటే విని, త్వరగా తేల్చి చెప్పడం ఆమె పని. రాపిడ్ స్టడీ అంటారు. పగలు వినాలి. సాయంత్రం టీమంతా కూర్చుని, విన్నవి పక్కపక్కన పెట్టి చూడాలి. తేలనిది మర్నాడే వెళ్ళి మళ్ళీ అడగాలి.

"సల్లారిపోకముందే తినేయాలే" అనేది. మాటల గురించి. పులుసు గురించి చెప్పినట్టు.

నేను స్టూడెంట్‌గా చేరింది ఒక డయాలసిస్ సెంటర్ స్టడీలో. సముద్రం వైపు ఊళ్ళ పేషెంట్లను అప్పుడే సాయంత్రం షిఫ్ట్‌కి మార్చారు. అది వాళ్ళకు కుదురుతోందా లేదా, మేం కనుక్కోవాలి. శుక్రవారం మీటింగ్. అక్కడ ఆఫీసర్ల ముందు బాగుందని తేలితే ఆ షిఫ్టే ఖాయం.

మొదటి రోజు ఎవరిని అడిగినా ఒకటే జవాబు.

"బాగానే సూస్తన్నారమ్మా. మాకేటి తక్కువ?"

సాయంత్రం అందరం సంతోషంగా సమ్మరీ రాసేశాం. ఇంగ్లిష్‌లో. గుడ్, గుడ్, గుడ్.

అక్క ఒక ముసలాయన మాటల రికార్డింగ్ పెట్టి, మధ్యలో ఆపింది. "ఒసే గౌరీ, ఈ ముసలాయన బాగా అన్నాడా, బాగానే అన్నాడా?"

"ఒక్క అక్షరం కదక్కా" అని సింహాచలం నవ్వాడు.

"ఒరే, ఆ ఒక్క అక్షరంలోనే ఉన్నాడ్రా ఆయన."



పుట్టినప్పటి నుంచి తెలుగు మాట్లాడుతున్నాను. 'నే'ని ఆ రోజే మొదటిసారి విన్నాను. భోజనం బాగుంది అంటే ఇంకో ముద్ద పెడతారు. బాగానే ఉంది అంటే వండినావిడ మొహం మాడిపోతుంది. అంత చిన్న అక్షరానికి అంత బరువు.

మర్నాడు మళ్ళీ ఆయన మంచం దగ్గరికే వెళ్ళాం. అక్కని చూడగానే లేవబోయాడు. "నర్సమ్మగారూ, కూకోండి."

అప్పుడు అర్థమయింది. తొలిరోజు అక్క చేతులు జోడించి "నా పేరు నర్సమ్మండి" అంది. వార్డులో అందరికీ వినబడింది ఇంకొకటి. ఆసుపత్రి నర్సమ్మ వచ్చి, ఆసుపత్రి ఎలా ఉందని అడుగుతోంది!

అక్క తల పట్టుకుంది. "ఓలమ్మో! మావా, నాను నర్సుని కాను. మా అమ్మెట్టిన పేరే నర్సమ్మ."

ఆయన పడీపడీ నవ్వాడు. "ఆ ముక్క ముందే సెప్పాల కదే! నర్సమ్మ మొకం మీద నర్సమ్మల గురించి ఏటి సెప్తాం?"

నవ్వడం ఆపాక గోడ గడియారం వైపు చూశాడు. గొంతు తగ్గించాడు.

"సూది సగంలోనే తీసెయ్యమంటాను. ఈ నర్సమ్మల తప్పేటి లేదమ్మా. ఒద్దనే అంటారు. ఆకరి బస్సు పోతే ఎలాగెల్తాను, ఈత కొట్టుకునా?"

రక్తం శుభ్రం కావడం పూర్తవకుండానే సూది తీయించుకుని బస్సు కోసం పరుగు. ఆయన ఒక్కడే కాదు. మళ్ళీ అడిగితే చాలామంది అదే చెప్పారు.

శుక్రవారం మీటింగ్. ఏసీ గది. 

అక్క చెప్పడం పూర్తికాకముందే పెద్దాఫీసరు అడ్డుకున్నారు. "మధ్యలో వెళ్ళిపోతున్నామని ఎవరన్నారు? పేర్లు చెప్పండి."

"పేర్లు చెప్పనని మాటిచ్చాను సార్."

"నాలుగు రోజులు తిరిగి దీన్ని రీసెర్చ్ అంటారా? ఇలాగైతే మీకు ఇంకో ఆసుపత్రిలో పర్మిషన్ ఎలా ఇస్తాం?"

 అక్క చేతిలో కాగితాలు మూసి పక్కన పెట్టింది.  

"పర్మిషన్ మీ ఇష్టం సార్. మా మాట నమ్మక్కర్లేదు. ఈ సాయంత్రం, బస్సు టైముకి, వార్డు గుమ్మంలో ఒక్కసారి నిలబడండి."

ఆయన లేచి వెళ్ళిపోయారు. మా పని అయిపోయిందనుకున్నాం.

సాయంత్రం వచ్చారట. గుమ్మంలో నిలబడ్డారట. చేతికి దూది అదుముకుని పరుగెత్తుతున్న మనుషులకు పక్కకి తప్పుకుని దారి ఇచ్చారట.

ఆ ఊళ్ళవాళ్ళకి మళ్ళీ పొద్దుటి షిఫ్ట్ వచ్చింది.

పోయిన నెల అక్కకి ఫోన్ చేశాను. ఎలా ఉన్నావక్కా అంటే, "బాగానే ఉన్నానే" అంది.

చివరి 'నే' నా మీద ప్రేమ. మధ్యలో 'నే' అది కాదు.

మర్నాడే విజయనగరం బస్సెక్కాను. తలుపు తీసి నన్ను చూసి, గుమ్మానికి ఆనుకుని నవ్వింది. "దొరికిపోనాను కదే."

ఆ రోజే చెప్పింది, గుండె వాల్వ్ పాడయిందని. ఇంట్లోవాళ్ళకి కూడా అప్పటికి పూర్తిగా తెలియదు. సాయంత్రం దాకా కూర్చున్నాం. తనే చెప్పింది. నేను విన్నాను.

నిన్నటి నుంచి అందరూ మెసేజ్ చేస్తున్నారు, ఎలా ఉన్నావని.

బాగానే ఉన్నానక్కా.

నువ్వు ఎక్కడికి వెళ్ళావో అక్కడ ఆఖరి బస్సు భయం ఉండకూడదు. నెమ్మదిగా, నిశ్చింతగా ఉండు.

బాగుండు నర్సక్కా.

'నే' లేకుండా.