సొట్టపోయిన మడ్గార్డు, కొత్త బ్రేకులు

నా చిన్నప్పుడు మా పటమటలో స్కూటరు చప్పుడు వినపడితే చాలు, అది ఎవరిదో చూడకుండానే చెప్పేసేవాళ్ళం. అంత తక్కువ స్కూటర్లుండేవి. వాటిలో చాలావాటి మీద ఎప్పుడో ఒకప్పుడు మా అబ్బా చెయ్యి పడేది. అబ్బా అంటే మా నాన్న. ఆయనకు రోడ్డు పక్కన చిన్న స్పేర్ పార్ట్స్ షాపు ఉండేది. సామాను అమ్మడమూ ఆయనే, షాపు ముందు రేకుల పంచలో కూర్చుని బిగించడమూ ఆయనే. బడి లేని రోజుల్లో మధ్యాహ్నం అన్నం క్యారియరు పట్టుకెళ్ళడం నా పని. ఆయన తినడం అయిపోయినా నేను ఇంటికి వెళ్ళేదాన్ని కాదు. బల్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళను చూస్తుండేదాన్ని.

షాపులో రెండు రకాల సామాను ఉండేది. ఒకటి కంపెనీ వాళ్ళ అట్టపెట్టెల్లో వచ్చే ఒరిజినల్. దాని ధర ఎక్కువ, ఒక్కోసారి ఆర్డరు పెట్టి ఎదురుచూడాలి కూడా. రెండోది లోకల్. ఎక్కడెక్కడో చిన్న షెడ్లలో తయారై, పాత పేపర్లలో చుట్టుకుని వచ్చేది. లోకల్ సామానంటే మా అబ్బాకు చిన్నచూపేమీ లేదు. "అద్దం లోకల్‌దైతే మాత్రం మన మొహం మారుతుందా అండీ?" అంటూ, అద్దం కోసం వచ్చినవాళ్ళ చేతిలో చవకదే పెట్టేవాడు. కాళ్ళ కింద వేసే మ్యాటు, సీటు కవరు, చేతిపిడులు, ఇలాంటివాటికి కంపెనీది కొంటామని ఎవరైనా పట్టుబడితే ఆయనే వద్దనేవాడు.

మా పక్కింట్లో లెక్కల మాస్టారి కుటుంబం ఉండేది. మా రెండిళ్ళకూ మధ్య నడుమెత్తు గోడ ఒకటే అడ్డం. ఆ గోడ మీదుగా పండక్కి మా సేమ్యా అటు వెళ్ళేది, వాళ్ళ పెరట్లో కాసిన ములక్కాడలు ఇటు వచ్చేవి. మాస్టారి అబ్బాయిని నేను అన్నయ్యా అని పిలిచేదాన్ని. చదువు పూర్తయి, ఏదో ఆఫీసులో కొత్తగా ఉద్యోగంలో చేరాడు. మాస్టారు తన పాత స్కూటరు అతనికి ఇచ్చేశారు. సాయంత్రం ఇంటికి రాగానే అన్నయ్య నన్ను స్కూటరు ముందు భాగంలో నిలబెట్టుకుని సందు చివరిదాకా తిప్పేవాడు. హ్యాండిలు మధ్యలో పట్టుకుని నిలబడితే గాలి మొహానికి కొట్టేది. బండి నేనే నడుపుతున్నాననుకునేదాన్ని.

ఒక ఏడాది తుఫాను వానల్లో, కాలవ గట్టు మీద బురదలో ఆ స్కూటరు జారింది. అన్నయ్యకు మోచెయ్యి గీరుకుపోవడం తప్ప పెద్ద దెబ్బలేమీ తగల్లేదు. కానీ బండి వెళ్ళి కరెంటు స్తంభానికి కొట్టుకుంది. హెడ్‌లైటు పగిలింది. ముందు మడ్గార్డు లోపలికి సొట్టపోయింది. అబ్బా చక్రాలు విప్పి చూస్తే, లోపల చక్రాన్ని పట్టి ఆపే బ్రేక్ షూలు అరిగి ఇనుము బయటపడి ఉంది.

సరిగ్గా అప్పుడే అన్నయ్యకు ఆ వచ్చే ఆదివారం ఉయ్యూరులో పెళ్ళిచూపులు కుదిరాయి. అమ్మానాన్నలు బస్సులో వస్తారు, తను మాత్రం ఆ ఇంటి ముందు స్కూటరు మీదే దిగాలి. అది అతని కోరిక. కొత్త ఉద్యోగం, కొత్త జీతం. అన్నీ కంపెనీవి కొనే స్థోమత లేదు. అందుకని షాపుకొచ్చి తన లెక్క తను చెప్పాడు. హెడ్‌లైటు, మడ్గార్డు ఒరిజినల్ కావాలి, రంగు కూడా తేడా రాకూడదు.

"బ్రేకులకి లోకల్‌వి వేసెయ్యండి బాబాయ్. చక్రం లోపల ఉండేవేగా, ఎవరు చూస్తారు?" అన్నాడు.

అబ్బా కంపెనీ హెడ్‌లైటు పెట్టె పక్కనే లోకల్ బ్రేకుల పేపరు పొట్లం విప్పి బల్ల మీద పెట్టాడు. "ఇవి బాగానే ఉండొచ్చురా. ఉండకపోవచ్చు. పైకి చూసి నేను చెప్పలేను. కంపెనీవైతే చెప్పగలను."

"ఈ ఒక్క ఆదివారానికే బాబాయ్. తర్వాత మార్చేద్దాం."

మా అబ్బా వాదించే మనిషి కాదు. ఒకసారి చెప్పేవాడు, వినకపోతే ఊరుకునేవాడు. ఆ రోజు కూడా ఊరుకున్నాడనే అనుకున్నాను. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ కాసేపు వీధిలోకి చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, బల్ల మీద నుంచి నన్ను ఎత్తుకుని తీసుకెళ్ళి, ఆ సగం విప్పిన స్కూటరు మీద, నేను ఎప్పుడూ నిలబడే చోట నిలబెట్టాడు.

"ఆదివారం ఉయ్యూరు వెళ్తున్నావుగా. మా చెల్లెలు పాపను చూడాలని ఎప్పట్నుంచో అంటోంది. దీన్ని వాళ్ళింట్లో దింపి, వచ్చేటప్పుడు తీసుకురా" అన్నాడు.

మేనత్త ఇంటికి స్కూటరు మీద ప్రయాణం! నాకు పట్టలేని సంతోషమైంది. హ్యాండిలు పట్టుకుని నోటితోనే బండి చప్పుడు చేయడం మొదలుపెట్టాను.

"ఓ, దానికేం బాబాయ్, తీసుకెళ్తాను" అని అన్నయ్య కూడా నవ్వాడు. తర్వాత బల్ల మీద విప్పి ఉన్న పొట్లం వైపు చూశాడు. మళ్ళీ నా వైపు చూశాడు. మొహంలో నవ్వు నెమ్మదిగా తగ్గిపోవడం నాకు గుర్తుంది. నా మీద కోపం వచ్చిందేమోనని నోటితో చప్పుడు చేయడం ఆపేశాను.

"దారిలో వాన పడితేనో?" అన్నాడు.

"పడితే పడుతుంది. నువ్వున్నావుగా" అన్నాడు అబ్బా, ఏమీ ఎరగనట్టు.

అన్నయ్య రోడ్డు మీద బస్సు వెళ్తుంటే అది కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడ్డాడు. చివరికి హెడ్‌లైటు పెట్టెను తనే పక్కకు జరిపాడు.

"బ్రేకులు కంపెనీవి వెయ్యండి బాబాయ్. లైటు లోకల్‌దివ్వండి. మడ్గార్డు... సొట్ట తీసేస్తే చాల్లెండి."

అబ్బా మెచ్చుకోలేదు, నేను చెప్పలేదా అని కూడా అనలేదు. "సరే" అని పానా అందుకున్నాడు.

ఆదివారం పొద్దున ముందుగా అబ్బా తనే బండెక్కి రోడ్డు చివరిదాకా వెళ్ళి, రెండు మూడు చోట్ల గట్టిగా బ్రేకు వేసి చూసి, తిరిగొచ్చి తాళం అన్నయ్య చేతిలో పెట్టాడు. సుత్తితో సరిచేసిన మడ్గార్డు మీద రంగు మచ్చలు మచ్చలుగా ఉంది. అన్నయ్య మాత్రం ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని మెరిసిపోతున్నాడు. బెంజ్ సర్కిల్ వైపు కాకుండా తూర్పుగా బందరు రోడ్డెక్కాం. చెరుకు బళ్ళు వరసగా చక్కెర ఫ్యాక్టరీకి వెళ్తున్నాయి. ఉయ్యూరు ఇంకా దూరం ఉండగానే బెల్లప్పాకం లాంటి వాసన వచ్చింది. మలుపు వచ్చినప్పుడల్లా అన్నయ్య "గట్టిగా పట్టుకున్నావా?" అని అడిగేవాడు. అంతకుముందు సందులో తిప్పినప్పుడు ఒక్కసారి కూడా అలా అడగలేదు.

దారిలో ఏమీ జరగలేదు. గేదె అడ్డం రాలేదు, చెరుకు బండి తిరగబడలేదు, వాన కూడా పడలేదు. క్షేమంగా వెళ్ళాం, క్షేమంగా వచ్చాం. ఆ లోకల్ బ్రేకులు వేసుకున్నా అలాగే వెళ్ళి వచ్చేవాళ్ళమేమో. ఆ సంగతి ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

పెళ్ళిచూపుల్లో అమ్మాయి మేనమామ బండి చుట్టూ తిరిగి, "ఎక్కడైనా గుద్దేశారా ఏంటి?" అని అడిగాడట. అన్నయ్య ఉన్నదున్నట్టు చెప్పాడట. ఆ సంబంధం కుదరలేదు. అసలు కారణం వేరే ఉన్నా, "మీ మడ్గార్డు వల్లే పోయిందండీ మంచి సంబంధం" అని అన్నయ్య వాళ్ళమ్మగారు గోడ మీదుగా మా అబ్బాను చాలాకాలం ఆటపట్టించారు. తర్వాత అన్నయ్య గుడివాడ అమ్మాయిని చేసుకున్నాడు. జీతం పెరిగినా ఆ మడ్గార్డు మార్చలేదు. వదినను, ఆ తర్వాత పిల్లలను, ఆ మచ్చల బండి మీదే తిప్పాడు.

నేను పెద్దయి టీచరునయ్యాను. పిల్లలకు మంచీ చెడూ చెప్పి చెప్పి విసిగిపోయిన రోజుల్లో, అబ్బా ఆ రోజు చేసిన పని తరచూ గుర్తొచ్చేది. నువ్వు చేసేది తప్పురా అని చెప్పకుండా, తనకు ప్రాణమైనదాన్ని తెచ్చి అతని చేతుల మధ్య నిలబెట్టాడు. మిగిలింది అన్నయ్యే ఆలోచించుకున్నాడు. నేను కూడా కొన్నిసార్లు అలా చేసి చూశాను. బడిలో అందరికంటే దుడుకు పిల్లాడికి, చిన్నపిల్లలను రోడ్డు దాటించే పని అప్పజెప్పాను. కొందరు మారారు. కొందరు మారలేదు.

కానీ ఒక అనుమానం మాత్రం నన్ను వదల్లేదు. అబ్బా ముసలివాడై, షాపు మూసేసి ఇంటిపట్టున ఉంటున్న రోజుల్లో ఒక సాయంత్రం అడిగేశాను.

"అబ్బా, ఆ రోజు అన్నయ్య అర్థం చేసుకోకపోతే? లోకల్‌వే వెయ్యమని ఉంటే నన్ను పంపేవాడివా?"

"పిచ్చిదానా, నిన్ను దింపేసుకునేవాణ్ణి" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "బండి తాళం కూడా లాక్కునేవాణ్ణి. వాడు మాత్రం ఎవరి పిల్లాడు?" అన్నాడు.

అప్పటిదాకా అదొక తెలివైన ఉపాయమనే అనుకున్నాను. ఉపాయం పారకపోతే చెడ్డపేరు తెచ్చుకోవడానికి కూడా ఆయన సిద్ధపడే ఉన్నాడని ఆ సాయంత్రమే తెలిసింది.

ఈ మధ్య మా మనవడు, మా అమ్మాయి కొడుకు, తన స్కూటరు కోసం ఫోన్లో రెండు రకాల బ్రేకుల బొమ్మలు చూపించి, రెండూ ఒకేలా ఉన్నాయిగా నానీ, చవకవి తెప్పించేయనా అన్నాడు. వద్దని రెండుసార్లు చెప్పాను. వినేలా లేడు. చెప్పాల్సింది చెప్పాం, ఇక వాడి ఖర్మ అనుకుని లేవబోయాను. ఆ మాట నా నోటిదాకా ఎన్నోసార్లు వచ్చింది, పిల్లల విషయంలో, చుట్టాల విషయంలో, అసలు పరిచయమే లేనివాళ్ళ విషయంలో. అబ్బా అడిగిన ఆ "ఎవరి పిల్లాడు?" అడ్డం వచ్చి ఒక్కసారి కూడా పూర్తిగా అనలేకపోయాను. వెళ్ళి మళ్ళీ వాడి పక్కనే కూర్చున్నాను.